బుడ్డెడు నూనె... ఎనిమిది రాత్రులు

కార్తీకమాసం వచ్చిందంటే తుంగభద్ర ఒడ్డు ఊళ్ల తీరే మారిపోతుంది. తెల్లారకముందే చన్నీటి స్నానాలు, తడి బట్టలతోనే అరటిదొప్పలో వత్తి వెలిగించి నీళ్లలో వదలడాలు, పౌర్ణమినాడు మూడువందల అరవై అయిదు వత్తులు కట్టగట్టి ఒక్కసారే వెలిగించడాలు... కర్నూలు జిల్లా సి.బెళగల్ మండలం కూడా ఆ నది ఒడ్డుదే. కన్నడం చెవిన పడుతూ ఉండే ప్రాంతం కాబట్టి బెళగల్ అనగానే కొందరికి ‘బెళగు’ అనే కన్నడ మాట గుర్తొస్తుంది. వెలగడం, తెల్లవారడం అని దాని అర్థం. ఊరికి ఆ పేరు అక్కణ్నుంచే వచ్చిందని కాదు, చెవికి అలా తగులుతుందంతే. ఈ ‘చెవికి తగలడం’ అన్న సంగతి కాస్త గుర్తుపెట్టుకోవాలి, మళ్లీ దాని అవసరం పడుతుంది.

కార్తీకం వెనకబడి మార్గశిరం వచ్చే రోజుల్లోనే, అమావాస్యకి అటూ ఇటూ ఉండే చీకటి రాత్రుల్లో, మన రాష్ట్రంలోనే ఇంకో దీపాల పండగ జరుగుతుంది. సి.బెళగల్ పడమటి కొస అయితే అది తూర్పు కొస. గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెం. చేబ్రోలు అంటే నాలుగు ముఖాల బ్రహ్మగారి గుడి ఉన్న ఊరని చాలామందికి తెలుసు. దాని పక్కనే యూదుల ప్రార్థన మందిరం ఒకటుందని తెలిసినవాళ్లు తక్కువ. అక్కడ తెలుగు మాట్లాడే కొన్ని కుటుంబాలు తమని తాము ‘బెనె ఎఫ్రాయిమ్’ అని పిలుచుకుంటాయి. అంటే ఎఫ్రాయిము సంతతి అని. శుక్రవారం పొద్దుగూకితే వాళ్లకి సబ్బాతు మొదలు. ఏడాది చివర్లో వాళ్ల ఇళ్లలో హనుక్కా దీపాలు వెలుగుతాయి.

హనుక్కా అంటే హీబ్రూలో ప్రతిష్ఠ చేయడం, అంకితమివ్వడం. పేరు కొత్తగా అనిపిస్తుంది కానీ, తెలుగులో బైబిలు చదివే ఇళ్లలో ఇది బొత్తిగా కొత్తది కాదు. యోహాను సువార్త పదో అధ్యాయంలో యేసు యెరూషలేము ఆలయంలో నడుస్తున్నప్పుడు జరుగుతున్న ‘ఆలయ ప్రతిష్ఠిత పండుగ’ ఇదే. అది చలికాలమని కూడా అక్కడే ఉంటుంది. సి.బెళగల్లోనో ఎమ్మిగనూరులోనో ఆదివారం చర్చిలో కూర్చుని ఆ వాక్యం విన్నవాళ్లు అది ఏ పండగో ఆరా తీసి ఉండరు, అంతే.

రాజు నిషేధం, కొండల్లో తిరుగుబాటు

కథ క్రీస్తుపూర్వం రెండో శతాబ్దిది. అలెగ్జాండర్ చనిపోయాక అతని సేనాపతులు రాజ్యాన్ని పంచుకున్నారు కదా, అందులో సిరియా వైపు ముక్క సెల్యూకస్ వంశానిది. ఆ వంశంలో నాలుగో ఆంటియోకస్ కాలానికి యూదుల దేశం వాళ్ల చేతికింద ఉంది. గ్రీకు భాష, గ్రీకు ఆటలు, గ్రీకు పేర్లు అప్పటి నాగరికత. యూదుల్లోనే చాలామంది ఇష్టంగా అటు మొగ్గారు. గొడవ కేవలం పరాయి రాజుకీ ప్రజలకీ మధ్యది అనుకుంటే సగమే నిజం. సొంతవాళ్లలో కొత్త పద్ధతులవాళ్లు, పాత పద్ధతులవాళ్లు అనే తగవు అప్పటికే ఉంది.

క్రీ.పూ. 167లో రాజు హద్దు దాటాడు. సబ్బాతు పాటించకూడదు, మగపిల్లలకి సున్నతి చేయించకూడదు అన్నాడు. యెరూషలేము ఆలయాన్ని గ్రీకుదేవుడు జూస్ పేరిట మార్చి, బలిపీఠం మీద యూదులకి నిషిద్ధమైన జంతువుల్ని బలిచ్చారు. మోదీన్ అనే పల్లెలో మత్తతియా అనే ముసలి పూజారి రాజోద్యోగి చెప్పినట్టు బలివ్వనన్నాడు. ఇవ్వడానికి ముందుకొచ్చిన సాటి యూదుణ్ని, ఆ ఉద్యోగిని కూడా అక్కడే చంపి, అయిదుగురు కొడుకులతో కొండల్లోకి వెళ్లిపోయాడు. ఆయన పోయాక కొడుకు యూదా నాయకుడయ్యాడు. అతనికి మక్కబీ అని పేరు. సుత్తి అని దానికి అర్థం చెబుతారు. కొద్దిమంది, కొండదారులు తెలిసినవాళ్లు, పెద్ద సైన్యం మీద పడి పారిపోవడం... మూడేళ్లలో యెరూషలేము వాళ్ల చేతికొచ్చింది. ఆలయాన్ని కడిగి, కొత్త బలిపీఠం కట్టి, క్రీ.పూ. 164లో కిస్లేవ్ నెల ఇరవై అయిదో రోజున మళ్లీ ప్రతిష్ఠ చేశారు. ఆ ప్రతిష్ఠే హనుక్కా.

ఆ యుద్ధాల్లో మనవాడొకడు కనిపిస్తాడు! మక్కబీయుల మొదటి గ్రంథంలో సెల్యూకస్ సైన్యం ఏనుగులతో వచ్చిన వర్ణన ఉంది. ఒక్కో ఏనుగు మీద అంబారీ, అందులో సైనికులు, వాళ్లతోపాటు భారతీయుడైన మావటి. ఆ ఏనుగుల్లో ఒకదాని కిందికి దూరి పొట్టలో పొడిచి, అది మీద పడితే చచ్చిపోయినవాడు యూదా మక్కబీ తమ్ముడు ఎలియాజరు. ఏనుగు మీదున్న మావటి ఏ ఊరివాడో ఎవరు రాసిపెట్టారు!

విచిత్రమేమిటంటే ఇంత కథ చెప్పే మక్కబీయుల గ్రంథాలు యూదుల బైబిల్లో లేవు. గ్రీకులో నిలిచి, కథోలికుల బైబిల్లోకి చేరాయి. ప్రొటెస్టెంట్ల తెలుగు బైబిల్లో వెతికితే దొరకవు. ఇంకా విచిత్రం, ఆ గ్రంథాల్లో నూనె మహిమ గురించి ఒక్క మాటా లేదు. పండగ ఎనిమిది రోజులెందుకయ్యా అంటే, కొండల్లో దాక్కున్న కాలంలో పర్ణశాలల పండగ సరిగ్గా చేసుకోలేకపోయారు కాబట్టి ఆ ఎనిమిది రోజుల్నీ ఇప్పుడు చేసుకున్నారని రెండో గ్రంథం చెబుతుంది. మొదటి శతాబ్ది చివర్లో చరిత్ర రాసిన జోసీఫస్ దీన్ని ‘దీపాల’ పండగ అన్నాడు కానీ, దీపాలెందుకో ఆయనా ఊహించి చెప్పాడే తప్ప నూనె ఊసెత్తలేదు.

మరి ఇవాళ ప్రపంచమంతా చెప్పుకునే కథ ఎక్కణ్నుంచి వచ్చింది? తాల్ముద్ నుంచి. బాబిలోనియాలో పండితులు తరతరాల చర్చల్ని గుదిగుచ్చిన ఆ మహాగ్రంథం క్రీస్తుశకం అయిదువందల ప్రాంతానికి ఒక రూపానికొచ్చింది. ‘హనుక్కా అంటే ఏమిటి’ అని అందులో ఒక ప్రశ్న, దానికో పొట్టి జవాబు. శత్రువులు ఆలయంలో నూనెనంతా మైలపరిచారు. వెతగ్గా వెతగ్గా ప్రధాన పూజారి ముద్ర చెదరని బుడ్డి ఒక్కటి దొరికింది. ఒక్కరోజుకి సరిపడే నూనె. అది ఎనిమిది రోజులు వెలిగింది. అంతే కథ. యుద్ధం గురించి ఒకటి రెండు ముక్కలు, ఏనుగుల్లేవు, సుత్తి వీరుడి పేరైనా లేదు.

పండితులు యుద్ధాన్ని పక్కకి నెట్టడానికి కారణం ఊహించొచ్చు. గెలిచిన మక్కబీల వంశం రాజ్యానికొచ్చింది. తర్వాతి తరాలవాళ్లు గ్రీకు పేర్లే పెట్టుకున్నారు, గద్దె కోసం అన్నదమ్ములు కొట్టుకున్నారు. ఆ తగవు మధ్యలోనే క్రీ.పూ. 63లో రోమన్ సేనాని పాంపే యెరూషలేములో అడుగుపెట్టాడు. ఆలయం కూడా రోమన్ల చేతిలో క్రీ.శ. 70లో పోయింది. గుడి లేదు, రాజ్యం లేదు, కత్తి లేదు. ఉన్నది ఇల్లు, ఇంట్లో దీపం. వాటితో చేసుకోగలిగిన పండగనే వాళ్లు మిగుల్చుకున్నారు.

పెంచాలా, తగ్గించాలా?

దీపాలు ఎలా పెట్టాలనే దాని మీద కూడా రెండు గురుకులాలకి వాదం జరిగింది. మొదటిరోజు ఎనిమిది పెట్టి రోజుకొకటి తగ్గించాలని షమ్మయ్ శిష్యులు, ఒకటితో మొదలెట్టి రోజుకొకటి పెంచాలని హిల్లెల్ శిష్యులు. మంచి విషయంలో పైకే వెళ్లాలిగానీ కిందికి దిగకూడదన్నది హిల్లెల్ వారి తర్కం. అదే నిలిచింది. అందుకే హనుక్కాకి పెట్టే దీపపు సెమ్మెకి ఎనిమిది ప్రమిదలు, వాటికి కాస్త ఎత్తులోనో పక్కనో తొమ్మిదోది ఒకటి. ఆ తొమ్మిదోదాని పేరు ‘షమాష్’, అంటే సేవకుడు. మిగతావాటిని వెలిగించే పని దానిదే.

సేవకదీపం ఎందుకంటే, హనుక్కా దీపాల వెలుతురుని వాడుకోకూడదు. ఆ వెలుగులో చదవకూడదు, లెక్కలు చూసుకోకూడదు, కుట్టుపని చేయకూడదు. ఊరికే చూడాలంతే. అవసరానికి వెలుతురు కావాలంటే అది సేవకదీపం ఇస్తుంది. కనీసం అరగంట వెలిగేంత నూనె ఉండాలి. ఆ కాసేపూ ఆడవాళ్లు ఇంటిపని ముట్టుకోరాదన్నది చాలా ఇళ్లలో ఆచారం. (మన ఆచారాల్లో ఇలాంటిది ఒకటైనా ఉంటే బాగుండునని కొందరు ఇల్లాళ్లకి అనిపిస్తే తప్పు పట్టలేం.) లెక్కేసుకుంటే ఎనిమిది రాత్రులకి దీపాలు ముప్పై ఆరు, రోజుకో సేవకదీపం చొప్పున మరో ఎనిమిది, మొత్తం నలభై నాలుగు. ఒకటో రోజు కుడిచివర పెట్టి ఎడమకి చేర్చుకుంటూ వెళ్తారు, వెలిగించడం మాత్రం ఆ రోజు కొత్తగా చేర్చినదానితో మొదలుపెడతారు.

ముఖ్యమైన నియమం ఇంకొకటుంది. దీపం పెట్టాల్సింది పూజగదిలో కాదు, గుమ్మం దగ్గర, వీధిలో పోయేవాళ్లకి కనబడేట్టు. మేడమీద ఉండేవాళ్లయితే వీధివైపు కిటికీలో. జరిగిన మహిమని నలుగురికీ చాటడమే దాని ఉద్దేశం. దాని వెంటనే మినహాయింపు కూడా రాసిపెట్టారు, బయట ప్రమాదంగా ఉంటే లోపల బల్లమీద పెట్టుకున్నా చాలునని. ఆ మినహాయింపు వాళ్లకి ఎన్నిసార్లు అవసరమైందో చరిత్ర చదివితే తెలుస్తుంది. 1931లో జర్మనీలోని కీల్ పట్టణంలో రాకేల్ పోస్నర్ అనే ఒక రబ్బీ భార్య తమ ఇంటి కిటికీలో హనుక్కా దీపస్తంభాన్ని ఫొటో తీసింది. కిటికీ అద్దంలోంచి వీధి అవతల భవనానికి వేలాడుతున్న నాజీ జెండా కనబడుతుంది. ఆ కుటుంబం హిట్లర్ గద్దెనెక్కిన ఏడాదే దేశం విడిచిపోయింది. ఫొటో, దీపస్తంభం రెండూ మిగిలాయి.

దీపాల తర్వాత తిండి. నూనె పండగ కాబట్టి నూనెలో దేవినవే. ఐరోపా యూదులు ఉర్లగడ్డ తురిమి పెనంమీద ఎర్రగా కాల్చే ‘లాట్కె’లు చేస్తారు. ఉర్లగడ్డ ఐరోపాకి వచ్చిందే అమెరికా నుంచి గనక ఈ వంటకం మరీ పాతదేమీ కాదు. ఇజ్రాయెల్లో లోపల జామ్ పెట్టిన బూరెల్లాంటి ‘సుఫ్గానియోత్’. ఆదోని, ఎమ్మిగనూరు వైపు ఉగ్గాణి పక్కన మిరపకాయ బజ్జీ లేనిదే పొద్దుగడవనివాళ్లకి ఈ పండగ తిండి గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. పిల్లలకి బొంగరం. ‘డ్రైడల్’ అంటారు. నాలుగు పక్కలా నాలుగు హీబ్రూ అక్షరాలు. ఏ అక్షరం పైకి పడితే ఆ ప్రకారం మధ్యలో పోసిన గింజలో చాక్లెట్లో తీసుకోవడం, లేదా పోసుకోవడం. రాజభటులు వస్తే చదువు దాచిపెట్టి బొంగరమాడినట్టు నటించేవాళ్లని ఒక కథ చెబుతారు గానీ, ఇది ఐరోపాలో చలికాలపు జూదంబొంగరానికి తొడిగిన కొత్త చొక్కా. అమెరికాలో ఉండే తెలుగువాళ్ల పిల్లలు డిసెంబరులో బడి నుంచి ఆ బొంగరం పట్టుకొస్తే, ఇక్కణ్నుంచి వెళ్లిన అమ్మమ్మలు అదేమిటో తెలీక తిప్పి చూస్తారు.

ఇక తిథి. యూదుల పంచాంగం కూడా మనలాగే చంద్రుడి నెలలు, సూర్యుడి ఏడాది కలిపి నడిచేదే. మనకి అధికమాసం వచ్చినట్టే వాళ్లకీ పందొమ్మిదేళ్లలో ఏడుసార్లు అదనపు నెల వస్తుంది. నెల అమావాస్య తర్వాత మొదలవుతుంది కాబట్టి కిస్లేవ్ ఇరవై అయిదు అంటే దాదాపు బహుళ దశమి. కార్తీక బహుళమో, మార్గశిర బహుళమో. ఎనిమిది రోజులూ అమావాస్యని దాటి విదియదాకా సాగుతాయి. నెలలో చీకటి ఎక్కువుండే రాత్రులే ఏరుకున్నట్టు!

నూనె తీసేవాళ్లకి నూనె పండగ తెలీదు

మనదేశంలో యూదులు అనగానే కొచ్చిలో 1568 నాటి పరదేశి సినగోగు గుర్తొస్తుంది. కానీ సంఖ్యలో పెద్దది మహారాష్ట్ర కొంకణ తీరపు ‘బెనె ఇజ్రాయెల్’ సమాజం. వాళ్ల గాథ ప్రకారం పూర్వీకులు వచ్చిన ఓడ అలీబాగ్ దగ్గర పగిలిపోతే ఏడుగురు మగవాళ్లు, ఏడుగురు ఆడవాళ్లు ఒడ్డుకి చేరారు. పుస్తకాలన్నీ సముద్రం పాలయ్యాయి. పల్లెల్లో స్థిరపడి, మరాఠీ మాట్లాడుతూ, మన గాండ్లవాళ్లలా గానుగ తిప్పి నూనె తీసి బతికారు. శనివారం మాత్రం గానుగ కట్టరు. అందుకని చుట్టుపక్కలవాళ్లు వాళ్లని ‘శనివార్ తేలి’, శనివారపు తెలికలు అన్నారు.

శనగలూ పత్తీ రాశులు పోసే ఆదోని చుట్టుపక్కలవాళ్లకి గానుగంటే ఏమిటో తెలుసు. ఇక్కడ గమ్మత్తు చూడండి. ఏడాది పొడుగునా నూనెలో మునిగి తేలే ఆ యూదులకి, నూనె పండగైన హనుక్కా తెలియనే తెలియదు! సబ్బాతు తెలుసు, సున్నతి తెలుసు, ఉపవాసాలు తెలుసు, హనుక్కా తెలియదు. దానికి వాళ్లు చెప్పే కారణం ఒకటే. మక్కబీల తిరుగుబాటు జరగకముందే తమ పెద్దలు ఆ దేశం వదిలి వచ్చేశారని. తర్వాత కొచ్చి నుంచి, ఇంకా దూరాల నుంచి వచ్చిన గురువుల దగ్గర ఈ పండగ నేర్చుకున్నారు. ఇథియోపియాలోని యూదులదీ ఇదే సంగతి, వాళ్లకీ పాత ఆచారాల్లో హనుక్కా లేదు.

కొంకణంలో ఓడ పగిలిన కథని ఎవరూ ఋజువు చేయలేదు. 2016లో వచ్చిన జన్యుపరీక్షల అధ్యయనం ఒకటి బెనె ఇజ్రాయెల్ రక్తంలో పశ్చిమాసియా యూదుల పాలు ఉందని, భారతీయుల పాలు కూడా గణనీయంగా ఉందని తేల్చింది. కలయిక మాత్రం గాథ చెప్పినంత పాతది కాదు, పందొమ్మిది నుంచి ముప్పై మూడు తరాల నాటిదంది. అంతకు చాలా ముందే, 1960లలో, ఇజ్రాయెల్‌కి వలస వెళ్లిన బెనె ఇజ్రాయెల్ వారి పెళ్లిళ్ల విషయంలో అక్కడి రబ్బీలు అనుమానాలు లేవనెత్తితే వాళ్లు నిరసనకి దిగాల్సొచ్చింది. 1964లో పూర్తి యూదులుగా ఒప్పుకున్నారు.

కొత్తరెడ్డిపాలెం వారి మాట

ఇప్పుడు గుంటూరు జిల్లాకి రావచ్చు. కొత్తరెడ్డిపాలెం కుటుంబాలు మాదిగ కులానివి. తీరాంధ్రలో మాదిగల్లో చాలామంది పందొమ్మిదో శతాబ్దిలోనే క్రైస్తవం పుచ్చుకున్నారు. 1878 జులై 3న ఒంగోలు మిషనరీ క్లౌ ఆధ్వర్యంలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారన్నది ప్రసిద్ధమైన సంగతి. అంటే వీళ్ల ముత్తాతల నాటికే ఇంట్లో తెలుగు బైబిలు ఉంది. అబ్రాహాము, యాకోబు, ఎఫ్రాయిము ఇంట్లోవాళ్ల పేర్లలాంటివే.

1980ల చివర్లో షమూయేల్ యాకోబీ, సాదోక్ యాకోబీ అనే అన్నదమ్ముల నాయకత్వంలో కొన్ని కుటుంబాలు తాము ఎఫ్రాయిము గోత్రానికి చెందిన యూదులమని ప్రకటించాయి. 1990ల మొదట్లో ప్రార్థన మందిరం వెలిసింది. వాళ్లు చెప్పేది ఇదీ: క్రీ.పూ. 722లో అష్షూరు రాజు ఉత్తర ఇశ్రాయేలు రాజ్యాన్ని కూలదోసి పది గోత్రాల్ని చెరపట్టుకుపోయాడు. అందులో ఎఫ్రాయిమువాళ్లు పర్షియా మీదుగా, కశ్మీరు మీదుగా దక్షిణాదికి వచ్చారు. ఒకప్పుడు బాగా బతికి, తర్వాత కులవ్యవస్థలో అడుగుకి నెట్టబడ్డారు. గొడ్డుమాంసం తినడం, చనిపోయినవాళ్లని పాతిపెట్టడం లాంటి అలవాట్లు పాత యూదు జీవితపు ఆనవాళ్లేనని వాళ్లు అంటారు. ఏ తిండిని చూసి ఊరు వాళ్లని దూరం పెట్టిందో ఆ తిండినే వంశానికి సాక్ష్యంగా నిలబెట్టడం మామూలు విషయం కాదు.

యాకోబీ సోదరులు తెలుగు, హీబ్రూ మాటల పోలికల్ని కూడా ఆధారంగా చూపారు. ఇక్కడే మొదట అనుకున్న చెవి సంగతి. ఆదోని పేరునే తీసుకోండి. హీబ్రూలో ‘అదోని’ అంటే ‘నా ప్రభువు’, ‘అయ్యగారు’. అచ్చం అదే ధ్వని! కానీ ఆదోని పాత పేరు ఆదవాని అని తెలిస్తే ఆ పోలిక అక్కడితో ఆగిపోతుంది. రెండు భాషల్లో వేల మాటలున్నప్పుడు కొన్ని కలవడం వింతేమీ కాదు. అలాగని అన్నీ కాకతాళీయమనీ తోసేయలేం. సొలొమోను ఓడలు తెచ్చిన నెమళ్లకి హీబ్రూ బైబిల్లో వాడిన ‘తుక్కి’ అన్న మాట తమిళ ‘తోగై’ నుంచి వెళ్లిందని చాలామంది భాషావేత్తలు ఒప్పుకుంటారు. మన ‘తోక’ దానికి చుట్టమే. నెమళ్లతో పాటు మాట కూడా ఓడెక్కి పోయిందన్నమాట. వర్తకం జరిగిందనడానికి ఒక మాట చాలు, వంశం కలిసిందనడానికి అది చాలదు.

కొత్తరెడ్డిపాలెం వాళ్లని చూసి, ఇదంతా ఇజ్రాయెల్ వెళ్లిపోవడానికి వేసిన ఎత్తు అన్నవాళ్లున్నారు. ఆ ఎత్తయితే చాలా నష్టపు బేరం. ఇజ్రాయెల్ ప్రభుత్వం వాళ్లని యూదులుగా గుర్తించలేదు. మణిపూర్, మిజోరంలలోని బెనె మెనాషే వారికి 2005లో అక్కడి ప్రధాన రబ్బీ నుంచి దక్కిన మన్నన వీళ్లకి దక్కలేదు. ఇక్కడేమో షెడ్యూల్డు కులాల హోదా 1950 రాష్ట్రపతి ఉత్తర్వులో హిందువులకి, తర్వాత 1956లో సిక్కులకి, 1990లో బౌద్ధులకి మాత్రమే. యూదుల పేరు అందులో లేదు. ఎక్కువమంది కూలిపనులు చేసుకునే ఆ ఇళ్లలో, పిల్లాడి సర్టిఫికెట్లో మతం దగ్గర ఏం రాయాలన్నది పెద్ద ప్రశ్నే. వాళ్ల మధ్య ఉండి అధ్యయనం చేసిన యూలియా ఎగరోవా, షాహిద్ పర్వేజ్ 2013లో ‘ద జ్యూస్ ఆఫ్ ఆంధ్రప్రదేశ్’ అని పుస్తకం తెచ్చారు. వలస ఆశ ఒక్కదానితో ఈ ఉద్యమాన్ని కొలవలేమనీ, కులం తమకి అంటగట్టిన చరిత్ర బదులు తమదైన చరిత్ర చెప్పుకునే ప్రయత్నం ఇందులో ఉందనీ వాళ్ల పరిశీలన.

మళ్లీ హనుక్కా లెక్కకొద్దాం. క్రీ.పూ. 722లో దేశం విడిచినవాళ్ల సంతతి అని వాళ్లే చెబుతున్నారు. ఆలయ ప్రతిష్ఠ జరిగింది 164లో. మధ్యలో అయిదువందల యాభై ఎనిమిదేళ్లు! ఆ గాథని అక్షరాలా నమ్మినా సరే, కొత్తరెడ్డిపాలెం పూర్వీకులకి హనుక్కా తెలిసే వీల్లేదు. నమ్మకపోతే సరేసరి. ఎటు చూసినా ఈ పండగ వారసత్వంగా వచ్చింది కాదు, నేర్చుకున్నదే. పుస్తకాలు చూసి, విదేశాల నుంచి వచ్చిపోయే యూదు అతిథుల దగ్గర విని, హీబ్రూ అక్షరాలు కూడబలుక్కుని నేర్చుకున్నది. అలా నేర్చుకోవడంలో తక్కువతనమేమీ లేదు. కొంకణంలో గానుగవాళ్లు నేర్చుకున్నారు. ఇథియోపియావాళ్లూ నేర్చుకున్నారు. ఆ మాటకొస్తే నూనెబుడ్డి కథని యెరూషలేము వాళ్ల మునిమనవలు కూడా ఎన్నో వందల ఏళ్ల తర్వాతి పండితుల నోట విన్నదే.

వెలిగించేవాళ్ల పెద్దలు క్రిస్మస్‌కి నక్షత్రం కట్టి పెరిగినవాళ్లు. బంధువుల ఇళ్లలో ఇప్పటికీ నక్షత్రాలే. 2024లో హనుక్కా మొదటి దీపం సరిగ్గా క్రిస్మస్ సాయంత్రమే పడింది. కొత్తరెడ్డిపాలెంలో ఇరవై, పాతికేళ్ల వయసున్న పిల్లలకి మాత్రం పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచి ఇంట్లో ఉన్నది హనుక్కానే. వాళ్ల పిల్లలకి అది తాతల నాటి పండగ అవుతుంది.

2026లో మొదటి దీపం డిసెంబరు 4, శుక్రవారం సాయంత్రం. సబ్బాతు దీపాలు కూడా ఆ సాయంత్రమే కాబట్టి హనుక్కా దీపాన్ని వాటికంటే ముందు, పొద్దుగూకకముందే వెలిగించాలి. ఆ రోజుకి కార్తీకం ఇంకా మిగిలే ఉంటుంది, తుంగభద్రలో అరటిదొప్పలూ ఉంటాయి.